ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు

ఆల్బర్ట్ క్రూగర్ ఓడ, వంటగది
హ్యూరాన్ సరస్సు మీద
ఆగస్టు 19

లైల్ బావకి,

ఈ ఉత్తరం రాసేసరికి రెండు పెన్నులు ఎండిపోయాయి, ఒక గిన్నెడు బఠాణీ సూపు అడుగంటింది. పోయిన ఏడు లీగులో ఆఖరున వచ్చినవాడు ఈ ఏడంతా ఫోను ముట్టకుండా, లీగు వ్యవహారమంతా చేత్తో రాసిన ఉత్తరాల్లోనే నడపాలట! టీవీలో ఆడే ఫుట్‌బాల్ ఆటగాళ్లని కాగితం మీద పంచుకుని, ఆదివారం వాళ్లు తెచ్చే పాయింట్లతో మనం పోటీపడే ఆటకి ఇంత దిక్కుమాలిన నియమం కనిపెట్టింది నువ్వే కాబట్టి, నా అక్షరాలు అర్థం కాకపోతే ఆ పాపం నీదే.

వంతులవారీగా ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ రోజుకి నేను మీ గ్యారేజీకి రాలేను. ఈసారి కెప్టెన్ సెలవివ్వనన్నాడు. ఇరవై రెండు మందికి మూడు పూటలా వండేవాడు లేకపోతే ఓడలో తిరుగుబాటు లేస్తుందట. అందుకని నాకు ఏ ఆటగాళ్లు కావాలో వరసగా జాబితా రాసి పంపుతున్నాను. నా వంతు వచ్చినప్పుడల్లా ఇది చూసి నా తరఫున నువ్వే ఎంచు. డెట్రాయిట్ దగ్గర తపాలా పడవ మా ఓడ పక్కకి రాగానే దీన్ని బాల్చీలో వేసి కిందికి దింపుతాను.

నువ్వు ఇప్పటికే నవ్వుతూ ఉంటావని తెలుసు. అవును బావా, మళ్లీ ముందు క్వార్టర్‌బ్యాకే! బంతి విసిరేవాడు బాగుంటేనే కదా మిగతావాళ్లు పరిగెత్తేది? వంటవాడు లేని వంటింట్లో ఎంత మంచి మాంసం ఉండి ఏం లాభం? పోయిన ఏడు నేను ఆఖరున వచ్చానంటే నా క్వార్టర్‌బ్యాక్‌కి మోకాలు పోయింది గానీ నా సిద్ధాంతం తప్పు కాదు.

ఒక్క మాట మాత్రం వేళాకోళం కాకుండా చెప్తున్నాను. వరసగా రెండేళ్లు ఆఖరున వస్తే లీగులో చోటు పోతుందని మన నియమం. అది నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వట్లేదు. మార్చి నుంచి జనవరి దాకా నీళ్ల మీద ఉంటాను. నాకు పెళ్లాం లేదు, ఊళ్లో ఇల్లు లేదు. ఏడాదికి ఒక్కరోజు మీ గ్యారేజీలో ఆ తొమ్మిది మంది మధ్య కూర్చుని తిట్లు తినడం ఒక్కటే ఉంది. అది పోగొట్టకు.

నీ బావమరిది
రోమన్

జాబితా: కార్టర్ విల్బీ, డెరెల్ హోల్ట్, మైకా బ్రాండన్, టై ఓస్గుడ్, జెంట్రీ పూల్. ఆ తర్వాత పరిగెత్తేవాళ్లు, బంతి పట్టేవాళ్లు రెండో కాగితంలో ఉన్నారు.


టూ రివర్స్, విస్కాన్సిన్
సెప్టెంబరు 2

ఒరేయ్ రోమన్,

డ్రాఫ్ట్ దివ్యంగా జరిగింది. మీ అక్క నూట ఇరవై సాసేజీలు బీరులో ఉడకబెట్టింది, ఒక్కటీ మిగల్లేదు. బేకరీ నార్బ్ ఎప్పటిలాగే రెండో రౌండుకే నిద్రపోయాడు. మా క్రిస్టా చేసుకోబోయే అబ్బాయి బ్రైస్ కూడా వచ్చి మూలన కూర్చుని చూశాడు. పాపం, మన జట్టుకి బద్ధశత్రువైన షికాగో జట్టు చొక్కా వేసుకొచ్చాడు. మన ఊళ్లో, మన గ్యారేజీలో! ఎవరూ కొట్టలేదు, పిల్లనిచ్చే మామని నేనే అక్కడున్నాను కదా అని ఊరుకున్నారు.

ఇక నీ జట్టు సంగతి. నీ మొదటి వంతుకి విల్బీ ఉన్నాడు, తీసుకున్నాను. రెండో వంతుకి జాబితాలో తర్వాతి పేరు హోల్ట్. వాడూ ఉన్నాడు, తీసుకున్నాను. మూడో వంతుకి బ్రాండన్. ఓస్గుడ్ నాలుగో వంతుకి. జెంట్రీ పూల్ ఐదో వంతుకి. అయ్యా, ఐదు వంతులకి ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు! ఆదివారం ఆడించేది ఒక్కడినే అని నీకు గుర్తు చేయనక్కర్లేదనుకుంటాను.

నువ్వు కేకలేసే ముందు ఏడో నియమం చదువుకో: "రాలేనివాడి జాబితాను పైనుంచి కిందికి వరసగా చదవవలెను. చదువువాడు సొంత తెలివి వాడరాదు." నార్బ్‌కి పిత్తాశయం తీసిన ఏడు వాడి తరఫున నేను సొంత తెలివి వాడితేనే కదా ఈ నియమం పుట్టింది. అప్పుడు చెయ్యెత్తి ఒప్పుకున్నవాళ్లలో నువ్వూ ఉన్నావు.

మాలో మిగతా తొమ్మిది మందిలో ఒక్కడు కూడా ఆ ఐదు రౌండ్లలో క్వార్టర్‌బ్యాక్ జోలికి పోలేదు. ఎందుకు పోతార్రా? దేశంలో ముప్పై ఇద్దరున్నారు, మనకి కావలసింది పది మంది. ఆగస్టులో మన వీధిలో ప్రతి పెరట్లో విరగకాసే జుకినీ కాయలు ఎవరైనా డబ్బిచ్చి కొంటారా? వద్దన్నా గుమ్మంలో పెట్టిపోతారు. పరిగెత్తేవాళ్లు అలా కాదు, వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. నీకు మిగిలిన పరుగువాళ్లలో ఒకడు ఆట మానేద్దామా అని ఆలోచిస్తున్నాడట.

ఆరోగ్యం జాగ్రత్త.

లైల్


ఆల్బర్ట్ క్రూగర్ ఓడ
సుపీరియర్ సరస్సు
సెప్టెంబరు 15

బావా,

నీ ఉత్తరం బాల్చీలో పైకి వచ్చింది. చదివి, బాల్చీతో సహా సరస్సులో దూకుదామనుకున్నాను.

ఒక మనిషి సంతకి పంపిస్తూ, "ఆపిల్ తీసుకురా, లేకపోతే పియర్, లేకపోతే పీచ్" అని చీటీ రాస్తే అర్థమేంటి? ఏదో ఒకటి తెమ్మని! నువ్వు మూడు బస్తాలూ మోసుకొచ్చి, చీటీలో ఉన్నాయిగా అంటున్నావు. విల్బీ దొరకకపోతే హోల్ట్, హోల్ట్ కూడా పోతే బ్రాండన్, అదీ నా ఉద్దేశం. "లేకపోతే" అని రాయలేదా? రాయలేదు. ఎందుకు రాయలేదంటే, చదివేది మనిషనుకున్నాను కాబట్టి!

ఐదుగురు పెళ్లికొడుకులు, ఒకటే పీట. నలుగురు గోడకి ఆనుకుని నిలబడి ఉంటే, ఒక్కడు ఆడుతున్నాడు. పరిగెత్తేవాళ్ల చోట్లో నాకున్న ఇద్దరిలో ఒకడికి ముప్పై ఆరేళ్లు. రెండు ఆదివారాలు అయ్యాయి, రెండూ ఓడిపోయాను. ఇంజను గదిలో వాళ్లు నాకు "కల్నల్ క్వార్టర్‌బ్యాక్" అని పేరు పెట్టి, సెల్యూట్ కొట్టి మరీ గుడ్లు అడుగుతున్నారు.

నీ ఏడో నియమం సంగతి నాకు తెలుసు. కానీ నీ కళ్లలోకి చూస్తే తెలిసిపోయేది, నువ్వు నిజంగా అర్థం కాక చేశావా అని. ఉత్తరంలో కళ్లు కనబడవు. అదీ నా ఖర్మ.

వీళ్లలో ఎవడినైనా ఇచ్చి పరుగువాడిని తెచ్చుకోవాలి. ఎవరికైనా క్వార్టర్‌బ్యాక్ కావాలేమో అడుగు. మార్పిడి బేరాలన్నీ లీగు పెద్దగా నీ చేతుల మీదుగానే కదా రావాలి. వచ్చిన బేరం వచ్చినట్టు పంపు.

రోమన్


టూ రివర్స్
అక్టోబరు 5

రోమన్,

బేరాలేమీ రాలేదు. అందరూ ఉన్నవాళ్లతో సుఖంగా ఉన్నారు. ఇక్కడ ఆకులు రాలుతున్నాయి, మీ అక్క నా చేత గట్టర్లు కడిగిస్తోంది.

నువ్వు ఐదింటికి ఐదూ ఓడావు. బాధపడకు, ఆట ఆటే.

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. నువ్వు నీళ్ల మీద ఉంటావు, మూడు పూటలా వంటతో తీరిక ఉండదు. నిజంగా ఈ లీగు నీకు అంత అవసరమా? పది మందిలో రోజూ కనబడే వాళ్లుంటే వాళ్లకీ ఒక సరదా. ఊరికే అడిగాను.

లైల్


టూ రివర్స్
అక్టోబరు 16

తమ్ముడూ,

నేను, డోలీ అక్కని. నాలుగు సాసేజీల పొట్లం పంపిద్దామనుకున్నాను, తపాలా ఆయన వద్దన్నాడు. కాబట్టి మాటలే పంపుతున్నాను.

నేను రాశానని మీ బావకి చెప్పకు. చెబితే చెప్పు, నాకేం భయం!

మొన్న మీ బావ లారీలో చేతిగుడ్డ కోసం ముందు అర తెరిచాను. అందులో నార్బ్ చేతిరాతతో నీకు రాసిన ఉత్తరం మూడు వారాలుగా కూర్చుని ఉంది. వాడి క్వార్టర్‌బ్యాక్‌కి భుజం విరిగిందట. హోల్ట్‌ని ఇస్తే మంచి పరుగువాడిని ఇస్తానన్నాడు. దాని కింద ఇంకోటి, స్కూల్ బస్సు నడిపే ఫెర్న్‌ది. ఆమెకీ క్వార్టర్‌బ్యాక్ కావాలి. ఈ ఏడు క్వార్టర్‌బ్యాక్‌లకేం శని పట్టిందో, వారానికొకడు చొప్పున కుంటుతూ బయటికి వస్తున్నాడు. ఊరంతా క్వార్టర్‌బ్యాక్‌ల కోసం అల్లాడుతోంది రా! నీ దగ్గర ఐదుగురున్నారు.

ఇంకో సంగతి. నీ జాబితా వచ్చిన రోజు మీ బావ వంటింటి బల్ల దగ్గర చదివి, "వీడి ఉద్దేశం అర్థమవుతూనే ఉంది" అన్నాడు. నా చెవులారా విన్నాను. క్రిస్టా, ఆ బ్రైస్ అబ్బాయికి లీగులో చోటు ఇప్పించమని నెల రోజులుగా వాళ్ల నాన్న ప్రాణం తోడేస్తోంది. ఉన్నవి పదే చోట్లు.

మొగుడిని వెనకేసుకొచ్చే అలవాటు నాకు లేదు, తమ్ముడిని వదిలేసే అలవాటు అసలే లేదు. నార్బ్ చిరునామా బేకరీదే, నీకు తెలుసు.

అక్క


ఆల్బర్ట్ క్రూగర్ ఓడ
డులూత్ రేవు
అక్టోబరు 24

ప్రియమైన బావకి,

బేరాలేమీ రాలేదని రాశావు. పాపం, ఎంత వెతికి ఉంటావో! లారీలో కూడా వెతికే ఉంటావు. నువ్వు శ్రమ పడుతుంటే చూడలేక, నేనే నార్బ్‌కీ ఫెర్న్‌కీ నేరుగా ఉత్తరాలు రాశాను. లీగు పెద్దగా నీ సంతకం కావాలి కాబట్టి వాళ్లే కాగితాలు పట్టుకుని మీ ఇంటికి వస్తారు. పెన్ను దగ్గర పెట్టుకో.

హోల్ట్ నార్బ్‌కి వెళ్తాడు, బ్రాండన్ ఫెర్న్‌కి. నాకు ఇద్దరు పరుగువాళ్లు, బంతి పట్టేవాడు ఒకడు వస్తారు. నార్బ్ పైగా డజను క్రీమ్ పఫ్‌లు వేస్తానన్నాడు. ఓస్గుడ్‌ని ఎవరికివ్వాలా అని ఆలోచిస్తున్నాను. తొందరేం లేదు. జుకినీ కాయలు ఆగస్టులోనే చవక బావా, అక్టోబరు చివరికి మంచు పడుతుంది.

ఈ లీగు నాకు అవసరమా అని అడిగావు. అవసరమే.

రోమన్


టూ రివర్స్
నవంబరు 20

రోమన్,

ఓస్గుడ్‌ది కూడా కలిపి మూడు మార్పిడులకీ సంతకం పెట్టాను. నార్బ్ మా ఇంటి సోఫాలో కూర్చుని, నేను పెట్టేదాకా లేవలేదు. ఫెర్న్ నాతో మాట్లాడటం మానేసింది.

నాలుగు వరసగా గెలిచావట, సంతోషం. నావి నాలుగు పోయాయి. నా పరుగువాళ్లిద్దరూ మంచాన పడ్డారు. దాని గురించి రాయబుద్ధి కావట్లేదు.

థ్యాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడి నువ్వు వండినట్టు ఇక్కడెవరికీ రాదు. ఉప్పునీళ్లలో ఎన్ని గంటలు నానబెడతావో రాయమని మీ అక్క అడుగుతోంది. నేను కాదు, మీ అక్కే.

లైల్


టూ రివర్స్
డిసెంబరు 15
(ఒక్కరోజు తపాలాలో, డులూత్ రేవు కార్యాలయం ద్వారా)

రోమన్,

లెక్క నీకు తెలిసే ఉంటుంది. వచ్చే ఆదివారంతో సరి. తొమ్మిదో చోటుకీ పదో చోటుకీ మధ్య మిగిలింది మనిద్దరమే, అదీ ఎదురెదురుగా. ఓడినవాడు ఆఖరు. నువ్వు ఓడితే నీ చోటు పోతుంది. నేను ఓడితే చోటు పోదు గానీ, ఇరవై రెండేళ్లు లీగు నడిపినవాడిని వచ్చే ఏడంతా చేత్తో ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంటాను. ఊళ్లో తల ఎత్తుకోలేను.

నిన్న నా క్వార్టర్‌బ్యాక్‌కి బొటనవేలు విరిగింది. ఎవరూ ఎంచుకోనివాళ్లలో పనికొచ్చేవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. అందరూ భయపడి ఇద్దరేసి ముగ్గురేసి దాచుకున్నారు. మిగిలింది షికాగో జట్టులో మూడో వరసవాడు ఒకడు, వాడికి గెడ్డం కూడా సరిగ్గా రాలేదు. నీ దగ్గర విల్బీ, పూల్ ఇంకా ఉన్నారు.

నీతోనే ఆట పెట్టుకుని నిన్నే ఆటగాడిని అడుగుతున్నాను. సిగ్గు లేదా అంటే, ఉంది. అందుకే ఈ ఉత్తరం ఐదుసార్లు చించాను. అడిగే ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను.

నీ జాబితా నాకు అర్థమైంది. చదివిన క్షణమే అర్థమైంది. కావాలనే వరసగా చదివాను. నార్బ్ ఉత్తరం, ఫెర్న్ ఉత్తరం దాచింది కూడా నేనే. మీ అక్క చెప్పే ఉంటుంది, ఆ లారీ అర తెరిచిన రోజు నుంచి ఆమె నాకు పెడుతున్న కూర చూస్తేనే తెలుస్తోంది.

ఎందుకు చేశానంటే, ఆ బ్రైస్‌తో నాకు మాట్లాడటానికి ఏమీ లేదురా. ఆదివారం భోజనానికి వస్తాడు, వాతావరణం గురించి ఒక ముక్క అంటాడు, నేను ఒక ముక్క అంటాను, అయిపోయింది. ముప్పై ఏళ్లు అలా ఎలా గడపాలి? వాడిని లీగులో కూర్చోబెడితే తిట్టుకోవచ్చు, కలిసిపోతామనుకున్నాను. నువ్వు ఏడాదికి ఒక్కరోజే వస్తావు, నీకంత పట్టింపు ఉండదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నీ మొదటి ఉత్తరంలో నువ్వు రాసింది చదివి కూడా చేశాను. అదే నన్ను కోస్తోంది.

ఇవ్వకపోతే తప్పనను. ఇవ్వవద్దనే మీ అక్క అంటోంది.

లైల్


ఆల్బర్ట్ క్రూగర్ ఓడ
డులూత్ రేవు
డిసెంబరు 17
(ఒక్కరోజు తపాలాలో)

బావా,

నీ ఉత్తరం చదివి ముందు అరగంట తిట్టాను. ఉల్లిపాయలు తరుగుతూ తిట్టాను కాబట్టి కళ్లనీళ్లు వేటివో ఎవరికీ తెలియలేదు. మొదటి ఉత్తరంలో నేను రాసింది చదివి కూడా చేశావన్న ముక్క దగ్గర ఆగిపోయాను. అది మామూలు నొప్పి కాదు బావా. నువ్వు తెలుసుకోవాలని చెప్తున్నాను.

ఏడాదికి ఒక్కరోజే వస్తానన్నావు. ఆ ఒక్కరోజు చూసుకునే మిగతా రోజులు గడుపుతాను.

ఇంత రాసి, ఇదిగో, విల్బీని తీసుకో. పూల్ నాకు చాలు.

పిచ్చి పట్టిందా అనకు. నాకు ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంటే గెలిచినా, "లైల్‌కి మనిషి లేక గెలిచాడు" అని నార్బ్ చచ్చేదాకా అంటాడు. నా చోటు నేను ఆడి నిలబెట్టుకుంటాను. మళ్లీ అబద్ధం రాసి ఉంటే బీరు మూత కూడా ఇచ్చేవాడిని కాదు. నిజం రాశావు. ఆలస్యమైనా రాశావు.

ఓడితే ఏమవుతుందో నాకు తెలుసు.

రోమన్

అక్కకి: ఉప్పునీళ్లలో పన్నెండు గంటలు. పదమూడు కాకూడదు.


టూ రివర్స్
డిసెంబరు 24

బావమరిదికి,

నువ్వు గెలిచావు. తొంభై ఆరు, తొంభై ఒకటి.

ఎలా గెలిచావో చెప్పమని మీ అక్క నా వెనకే నిలబడింది. నేను రాసిన ప్రతి ముక్కా చదువుతోంది కాబట్టి తప్పించుకోలేను.

విల్బీని ఇస్తున్నావని చదవగానే నా బుర్రలో పురుగు తొలిచింది. ఎదుటివాడికి తన మంచి ఆటగాడిని ఊరికే ఎవడిస్తాడు? వాడికి లోపల ఏదో గాయం ఉంది, రోమన్‌కి తెలిసిపోయింది, పగ తీర్చుకుంటున్నాడు అనుకున్నాను. నేనైతే అదే చేసేవాడిని కదా, అందుకే తట్టింది. బ్రైస్‌ని అడిగాను. "మా షికాగో కుర్రాడు నిప్పుకణిక, వాడిని దింపండి" అన్నాడు. విల్బీని కూర్చోబెట్టి ఆ నిప్పుకణికని దింపాను.

నిప్పుకణిక ఎదుటి జట్టు చేతుల్లోకి నాలుగుసార్లు బంతి విసిరాడు. మొత్తం మీద రెండు పాయింట్లు తెచ్చాడు. పక్కన ఊరికే కూర్చున్న విల్బీకి ముప్పై ఎనిమిది! నువ్విచ్చినవాడిని నమ్మి ఆడించి ఉంటే చిత్తుగా గెలిచేవాడిని. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

ఆట అయిపోయాక బ్రైస్ నా మొహం చూసి లేచి పారిపోబోయాడు. ఆపి, గంటన్నర తిట్టాను. షికాగోని, వాడి చొక్కాని, వాడి తాతని కూడా తిట్టాను. వాడూ ఊరుకోలేదు, తిరిగి మన జట్టుని అనరాని మాటలన్నాడు. క్రిస్టా కంగారుపడి లోపలికి వచ్చేసరికి ఇద్దరం బీరు తాగుతున్నాం. ఇంత మాట్లాడటానికి లీగులో చోటు అక్కర్లేదని అప్పుడు తెలిసింది.

నేను తప్పు చేశాను రోమన్. నన్ను క్షమించు.

లైల్


టూ రివర్స్
జనవరి 4

రోమన్,

ఆఖరున వచ్చినవాడిని కాబట్టి చేత్తోనే రాస్తున్నాను. నిన్న గ్యారేజీలో అందరం కూర్చున్నాం. అందరి ముందూ నిలబడి, నేనేం చేశానో చెప్పాను. ఫెర్న్ చప్పట్లు కొట్టింది, మంచి ఉద్దేశంతో కాదు. లీగు పెద్దగా దిగిపోతానన్నాను. దిగితే ఆ కాగితాల పని ఎవరు చేస్తారని ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ తర్వాత మీ అక్క లేచింది. వచ్చే ఏడు నుంచి పన్నెండు చోట్లు, ఒకటి బ్రైస్‌కి, ఒకటి తనకి అంది. ఇరవై రెండేళ్లుగా వంటింట్లో సాసేజీలు ఉడకబెడుతూ మా తెలివితక్కువ ఎంపికలన్నీ తలుపు సందులోంచి వింటోందట. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మరి సాసేజీలు ఎవరు ఉడకబెడతారు అని నార్బ్ అడిగాడు. వాడి పరిస్థితి తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తోంది.

ఆఖరిగా నేను ఒక నియమం రాశాను. అందరూ చెయ్యెత్తారు, నిద్రలో ఉన్న నార్బ్ చెయ్యి ఫెర్న్ ఎత్తింది. ఇది: "డ్రాఫ్ట్ ఇకపై మా గ్యారేజీలో జరగదు. ఆగస్టు చివర్లో ఆల్బర్ట్ క్రూగర్ ఓడ ఏ రోజు మిల్వాకీ రేవులో సరుకు దింపుతుందో ఆ రోజు, ఆ రేవు గేటు దగ్గర జరుగును." గంటన్నర దారే కదా. మీ కెప్టెన్ సెలవివ్వకపోతే మానె, వంటకీ వంటకీ మధ్య నువ్వు గేటు దాకా నడిచొస్తే చాలు. రెండు రోజుల ముందు చెప్పు, మిగతా పదకొండు మందిమీ అక్కడుంటాం.

లైల్


ఆల్బర్ట్ క్రూగర్ ఓడ
మిషిగన్ సరస్సు
జనవరి 11

బావా,

పన్నెండు మందికీ భోజనం నాదే. ఎవరూ ఏమీ తేవద్దని చెప్పు.

కెప్టెన్‌ని ఇప్పుడే అడిగాను. ఆగస్టు సంగతి జనవరిలో ఎందుకయ్యా అని నవ్వాడు. నవ్వనీ. ఇంజను గదిలో, పై అంతస్తులో, చుక్కాని దగ్గర, ఒక్కడిని కూడా వదలకుండా అందరికీ చెప్పేశాను, మావాళ్లు వస్తున్నారని.

రోమన్